కోడిపెట్ట కింద తొలిసారి గుడ్లు పొదిగిస్తున్నవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

"పెట్ట గూట్లోంచి లేవడం లేదు" అనే కబురుతో మొదలై "ఇరవై రెండో రోజు వచ్చింది, ఒక్క పిల్లా రాలేదు" అనే దిగులు దాకా, మొదటిసారి పొదిగించేవారి సందేహాలు దాదాపు అవే ఉంటాయి. చెప్పిందే చెబుతూ ఉండడం కన్నా ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది. దశలవారీగా విడదీశాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగానే అర్థమవుతుంది కాబట్టి మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లవచ్చు. ఒక్క మాట ముందే చెబుతాను: ఈ పనిలో నేను పోగొట్టుకున్న గుడ్లలో చాలా భాగం నా ఆత్రం వల్లే పోయాయి.

## పొదగవేసే ముందు

మా పెట్ట పగలంతా గూట్లోనే ఉంటోంది. పొదుగుకు వచ్చినట్టేనా?

పగటిని బట్టి చెప్పలేం. గుడ్డు పెట్టడానికి వెళ్లిన పెట్ట కూడా గంటా రెండు గంటలు కూర్చుంటుంది. రాత్రి చూడండి. మిగతా కోళ్లు కొయ్య ఎక్కి పడుకున్నాక కూడా ఇది గూట్లోనే ఉంటే అనుమానం బలపడుతుంది. చెయ్యి దగ్గరికి తీసుకెళితే ఒళ్లంతా ఉబ్బించి, చదునుగా నేలకు అతుక్కుపోయి, గొంతులో గుర్రుమంటుంది, పొడవడానికీ వస్తుంది. రొమ్ము దగ్గర ఈకలు రాలి చర్మం బయటపడి ఉంటుంది. రోజుకు ఒకటి రెండుసార్లే, పెద్ద ముద్దగా, ముక్కు మూసుకోవలసినంత కంపుతో రెట్ట వేస్తుంది. వరుసగా రెండు మూడు రాత్రులు ఇలాగే ఉంటే ఇక సందేహం లేదు.

పొదుగుకు రాని పెట్టను బుట్ట కింద మూసి కూర్చోబెడితే పొదుగుతుందా?

పొదగదు. పొదుగు బుద్ధి ప్రోలాక్టిన్ అనే హార్మోన్ పెరిగినప్పుడు వస్తుంది, మన బలవంతంతో కాదు. చీకటిగా, ప్రశాంతంగా ఉండే గూట్లో నాలుగైదు ఉత్తుత్తి గుడ్లు వదిలిపెడితే కొన్ని పెట్టలకు మనసు కలుగుతుంది. గుడ్ల కోసమే వృద్ధి చేసిన సంకరజాతి కోళ్లలో ఈ గుణం చాలావరకు పోయింది. నాటు కోళ్లు, సిల్కీ, కొచ్చిన్ వంటి జాతులు మాత్రం మనం వద్దన్నా కూర్చుంటాయి.

ఇది మా పెట్టకు తొలి పొదుగు. మధ్యలో వదిలేసి పోతుందేమో?

పోవచ్చు. పడుచు పెట్టల్లో కొన్ని వారం తిరగగానే విసుగెత్తి లేచిపోతాయి. అందుకే మంచి గుడ్లు వెంటనే పెట్టవద్దు. రెండు మూడు రోజులు ఉత్తుత్తి గుడ్ల మీద కూర్చోనివ్వండి. ప్లాస్టిక్ గుడ్లు గానీ నున్నటి గుండ్రాళ్లు గానీ చాలు. మేతకు లేచి మళ్లీ తనంతట తానే వచ్చి కూర్చుంటోందంటే నమ్మవచ్చు.

ఇప్పుడు పిల్లలు వద్దనుకుంటున్నాం. పొదుగు మాన్పించడం ఎలా?

అడుగున తీగ జాలీ ఉన్న పంజరాన్ని నేలకు ఎత్తుగా, వెలుతురు తగిలేచోట పెట్టి, గడ్డి పరవకుండా అందులో మూడు నాలుగు రోజులు ఉంచండి. మేత, నీళ్లు ఎప్పటిలాగే ఇవ్వండి. కిందినుంచి గాలి తగిలి రొమ్ము చల్లబడితే ఆ తపన తగ్గుతుంది. నీళ్లలో ముంచి తీసే పద్ధతి ఒకటి ఉంది. అది కోడిని హింసించడమే అని నా అభిప్రాయం.

## గుడ్ల ఎంపిక

దుకాణంలో కొన్న గుడ్లు పెడితే పిల్లలు వస్తాయా?

ఆశ పెట్టుకోవద్దు. అమ్మకానికి గుడ్లు పెట్టే ఫారాల్లో సాధారణంగా పుంజులు ఉండవు, కాబట్టి ఆ గుడ్లలో పిల్ల తయారయ్యే అవకాశమే లేదు. పుంజు తిరిగే మందలోని గుడ్లే తీసుకోండి.

మందలో పుంజును ఈమధ్యే వదిలాం. ఎన్ని రోజులు ఆగాలి?

వారం పది రోజులు ఆగితే మంచిది. ఒక పుంజుకు ఎనిమిది నుంచి పది పెట్టలు సరిపోతాయి. పుంజును తీసేశాక కూడా రెండు వారాల దాకా విత్తనం ఉన్న గుడ్లే రావచ్చు, ఎందుకంటే పెట్ట ఒంట్లో వీర్యం అన్నాళ్లు నిలవ ఉంటుంది. పుంజును మార్చి, కొత్త పుంజు పిల్లలే కావాలనుకుంటే మూడు వారాలు ఓపిక పట్టాలి.

గుడ్లు ఎన్నాళ్లు దాచవచ్చు? ఫ్రిజ్‌లో పెట్టాలా?

ఫ్రిజ్ వద్దు, అది మరీ చల్లన. 13 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ మధ్య చల్లదనం సరైనది. అంత దొరకకపోతే ఇంట్లో అన్నిటికన్నా చల్లగా, నీడగా ఉండే మూల చూసుకుని, రోజులు తగ్గించండి. సన్నటి కొన కిందికి ఉండేలా నిలబెట్టండి. వారంలోపు పొదగవేస్తే మంచి ఫలితం ఉంటుంది. ఆ తర్వాత రోజురోజుకూ పిల్లలు వచ్చే అవకాశం తగ్గుతూ పోతుంది. నాలుగైదు రోజులు దాటి ఉంచవలసివస్తే రోజుకొకసారి గుడ్లను పక్కకు ఒరిగించి పెడుతుండండి.

రెట్ట అంటిన గుడ్డును కడిగి పెట్టవచ్చా?

కడగవద్దు. పెంకు మీద కంటికి కనిపించని సన్నటి పూత ఉంటుంది. సూక్ష్మక్రిములు లోపలికి పోకుండా అడ్డుకునేది అదే. కొద్దిగా అంటితే పొడిగుడ్డతో మెల్లగా రుద్దండి. బాగా మురికైన గుడ్డునూ, సన్నటి పగులున్న గుడ్డునూ వంటింటికి పంపండి. మరీ పెద్దవి, మరీ చిన్నవి, వంకర ఆకారం ఉన్నవి కూడా పొదుగుకు పనికిరావు.

ఒక పెట్ట కింద ఎన్ని గుడ్లు పెట్టాలి?

మామూలు పెట్టకు ఎనిమిది నుంచి పన్నెండు, చిన్న ఒడ్డూపొడుగూ ఉన్నదానికి ఆరు. అది కూర్చున్నాక చుట్టూ తిరిగి చూడండి, ఒక్క గుడ్డు అంచు బయటికి కనిపించినా ఎక్కువైనట్టే. గుడ్లను అది అటూ ఇటూ జరుపుతూ ఉంటుంది కాబట్టి ఈరోజు అంచున చలిలో ఉన్నది రేపు మధ్యకు పోతుంది, మధ్యలోది అంచుకు వస్తుంది. అలా ఒక్క గుడ్డు ఎక్కువైన పాపానికి నాలుగైదు పాడవుతాయి. చలికాలంలో రెండు తగ్గించి పెట్టండి.

కోలగా ఉన్న గుడ్డులో పుంజు, గుండ్రటి దానిలో పెట్ట ఉంటుందంటారు. నిజమేనా?

కాదు. గుడ్డు ఆకారం దాన్ని పెట్టిన కోడి శరీరాన్ని బట్టి ఉంటుంది. లోపలిది మగో ఆడో నిర్ణయించేది తల్లి నుంచి వచ్చే క్రోమోజోమ్, దానికీ పెంకు ఆకారానికీ సంబంధం లేదు. సగానికి సగం పుంజులు వస్తాయనే లెక్కలోనే ఉండండి.

కోడి కింద బాతు గుడ్లు పెట్టవచ్చా?

పెట్టవచ్చు. మామూలు బాతు గుడ్డుకు 28 రోజులు పడుతుంది, అంటే పెట్ట మరో వారం ఎక్కువ కూర్చోవాలి. గట్టి పెట్ట అయితే కూర్చుంటుంది. కోడి గుడ్లతో కలిపి మాత్రం పెట్టవద్దు. కోడిపిల్లలు రాగానే అది వాటిని తీసుకుని లేచిపోతుంది, బాతు గుడ్లు చల్లబడిపోతాయి.

## గూడు, తొలి రోజు

గూడు ఎలా ఉండాలి?

నేల మీదే ఉంటే మేలు, పుట్టిన పిల్లలు ఎత్తునుంచి పడే భయం ఉండదు. 35 నుంచి 40 సెంటీమీటర్ల చదరం చాలు. అడుగున కాస్త మట్టి పోసి, మధ్యలో పళ్లెంలా లోతు చేసి, పైన ఎండుగడ్డి పరవండి. లోతు మరీ ఎక్కువైతే గుడ్లు ఒకదాని మీద ఒకటి పడి పగులుతాయి, అసలే లేకపోతే దొర్లిపోతాయి. గాలి ఆడాలి, ఎండ వాన తగలకూడదు. పిల్లి, ఎలుక, ముంగిస, పాము దూరే సందు ఉందేమో చేత్తో తడిమి మరీ చూడండి. బొటనవేలు పట్టే సందు చిన్న ఎలుకకు చాలు.

అది అందరూ తిరిగేచోట కూర్చుంది. వేరే చోటికి మార్చవచ్చా?

మార్చవచ్చు, చీకటి పడ్డాక. రెండు చేతులూ రెక్కల మీదుగా వేసి, కాళ్లు కింద పట్టుకుని, చప్పుడు లేకుండా తీసుకెళ్లి ఉత్తుత్తి గుడ్లున్న కొత్త గూట్లో పెట్టండి. తెల్లవారితే కొత్త చోటు చూసి కాస్త గాభరా పడుతుంది. మర్నాడంతా తలుపు మూసి, వెలుతురు తగ్గించి ఉంచండి. రెండో రోజుకు కుదురుకుంటే, ఆ రాత్రి అసలు గుడ్లు ఒక్కొక్కటిగా దాని రొమ్ము కిందికి నెట్టి, ఉత్తుత్తివి తీసేయండి.

గుడ్లు రోజుకు రెండు చొప్పున చేరుస్తూ పోవచ్చా?

వద్దు. అన్నీ ఒకేసారి పెట్టాలి. మొదటి పిల్లలు వచ్చిన ఒకటి రెండు రోజుల్లో తల్లి గూడు వదులుతుంది, ఆలస్యంగా చేర్చిన గుడ్లలో సగం తయారైన పిల్లలు అక్కడే చచ్చిపోతాయి. పెట్టిన ప్రతి గుడ్డు మీదా పెన్సిల్‌తో చుట్టూ గీత గీయండి. ఇతర కోళ్లు వచ్చి అదే గూట్లో గుడ్డు పెట్టి పోవడం మామూలే. గీత లేనిది కనిపించిన రోజే తీసేయండి.

పెట్టకు పేలున్నాయి. ఏం చేయాలి?

పొదగవేయడానికి ముందే వదిలించాలి. కదలకుండా కూర్చున్న కోడి పేలకూ గోమార్లకూ విందు భోజనం. గోమార్లు చీలికల్లో దాక్కుని రాత్రిపూట రక్తం తాగుతాయి. బాధ తట్టుకోలేక పెట్ట గుడ్లు వదిలేసిన సందర్భాలున్నాయి. గూటి చీలికలు శుభ్రం చేసి, పాత గడ్డి తగలబెట్టి, పొడిమట్టి, బూడిద కలిపిన గుంటలో పొర్లనివ్వండి. మందు వాడవలసివస్తే ఏ మందు, ఎంత అనేది పశువైద్యుణ్ణి అడిగే వాడండి.

## ఇరవై ఒక్క రోజులు

రోజులు ఎప్పటినుంచి లెక్కపెట్టాలి?

గుడ్లు పెట్టిన రోజు సున్నా. ఒక పూర్తి రోజు గడిచాకే ఒకటి. సోమవారం సాయంత్రం పెడితే మూడు వారాల తర్వాత వచ్చే సోమవారానికి 21 రోజులు. చిన్న జాతులు ఒకటి రెండు రోజుల ముందే వస్తాయి.

అది తిండికి కూడా లేవడం లేదు. నేను లేపాలా?

మొదట గమనించండి, చాలా పెట్టలు మనం చూడని వేళ లేస్తాయి. రోజుకొకసారి పదిహేను, ఇరవై నిమిషాలు బయటికి వచ్చి గబగబా తిని, నీళ్లు తాగి, పెద్ద రెట్ట వేసి, మట్టిలో పొర్లి పరుగున తిరిగి వెళుతుంది. ఆ పెద్ద రెట్ట ఆవరణలో కనిపిస్తే లేస్తోందని అర్థం. రెండు రోజులైనా జాడ లేకపోతే మీరే ఎత్తి మేత దగ్గర దించండి. ఎత్తే ముందు రెక్కల కింద వేళ్లు పెట్టి చూడాలి. ఒకసారి నేను చూడకుండానే ఎత్తాను. దాని చంకలో ఇరుక్కున్న గుడ్డు జారి నేల మీద పడింది. అది పన్నెండో రోజు గుడ్డు. పెంకు ముక్కల మధ్య ముడుచుకుని ఉన్న పిండం, దాని తలకు మించిన పెద్ద కన్ను ఇప్పటికీ గుర్తే. మేతగా గింజలు చాలు, పక్కనే నీళ్లు ఉండాలి. పొదుగు రోజుల్లో పెట్ట ఎలాగూ చిక్కిపోతుంది, అది సహజం.

గంటసేపు బయటే ఉండిపోయింది. గుడ్లు చల్లబడ్డాయి. ఇక పారేయాలా?

పారేయవద్దు. వాతావరణం మరీ చల్లగా లేకపోతే గంట ఎడం చాలాసార్లు హాని చేయదు. కాస్త ఆలస్యంగా పిల్లలు రావచ్చు. పెట్టను తిరిగి కూర్చోబెట్టి, రెండు మూడు రోజుల తర్వాత రాత్రి దీపానికి అడ్డుపెట్టి చూసి (ఎలాగో కింద చెప్పాను) అప్పుడు నిర్ణయించుకోండి. పెట్ట పూర్తిగా వదిలేసిందనుకోండి, పొదుగు మీద ఉన్న మరో పెట్ట కిందికి గానీ ఇంక్యుబేటర్‌లోకి గానీ ఆ రోజే మార్చాలి.

గుడ్లు నేను తిప్పాలా?

అక్కర్లేదు. పెట్ట రోజూ చాలాసార్లు ముక్కుతో తిప్పుతుంది. కదలకుండా ఉంటే పిండం లోపలి పొరకు అంటుకుపోతుంది, అందుకే ఆ తిప్పడం. ఈ పని మీకన్నా దానికి బాగా తెలుసు.

లోపల పిల్ల పెరుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

ఏడో రోజు రాత్రి చీకటి గదిలో గుడ్డు లావు కొనకు ఫోను లైటు ఆనించి చూడండి. వేళ్లతో చుట్టూ మూస్తే వెలుతురు పక్కలకు చిందదు. గుడ్డు బతికి ఉంటే మధ్యలో చిన్న నల్లటి చుక్క, దాని నుంచి సాలెపురుగు కాళ్లలా పాకిన ఎర్రటి నరాలు కనిపిస్తాయి. కాసేపు కదలకుండా పట్టుకుంటే ఆ చుక్క తుళ్లిపడడం కూడా చూడవచ్చు. మొదటిసారి చూసినవారు ఎవరైనా ఇంట్లో వాళ్లను లేపకుండా ఉండలేరు.

ఏమీ లేకుండా తేటగా, పచ్చసొన నీడ మాత్రమే కనిపిస్తే అందులో విత్తనం లేదు. నరాలు లేకుండా ఎర్రటి ఉంగరంలా గీత ఒకటి కనిపిస్తే మొదలై ఆగిపోయిందని అర్థం. ఈ రెండు రకాలూ తీసేయవచ్చు. గోధుమరంగు పెంకులో అంత స్పష్టంగా కనిపించదు, అనుమానం ఉన్నవాటికి గుర్తు పెట్టి పద్నాలుగో రోజు మళ్లీ చూడండి. అప్పటికి బతికినవి గాలి గది (లావు కొనలో ఉండే ఖాళీ) తప్ప మిగతాదంతా నల్లగా నిండి ఉంటాయి. ఈ రెండుసార్లు చాలు. రోజూ చూడాలని చెయ్యి దురద పెడుతుంది. అయినా ముట్టుకోవద్దు.

గూట్లో ఒక గుడ్డు పగిలింది. మిగతావి పాడవుతాయా?

తడి గడ్డి తీసేసి కొత్తది వేయండి. మిగతా గుడ్లకు సొన అంటితే గోరువెచ్చని నీళ్లలో పిండిన గుడ్డతో ఒత్తకుండా తుడవండి, ఎండితే పెంకు రంధ్రాలు మూసుకుపోతాయి. మురుగు వాసన వస్తుంటే ఏ గుడ్డో వెతకండి. మురిగిన గుడ్డులో వాయువు నిండి ఉంటుంది, ఊపితే చేతిలోనే పేలవచ్చు. దాన్ని అలాగే తీసుకెళ్లి దూరంగా పాతిపెట్టండి.

ఉరుములకు గుడ్లు చెడిపోతాయంటారు. ఏమైనా మూయాలా?

ఉరుము చప్పుడు గుడ్డును ఏమీ చేయదు. గాలివానలో గూట్లోకి నీళ్లు రావడం, బెదిరిన పెట్ట లేచిపోవడం వల్ల జరిగే నష్టాన్ని ఉరుము ఖాతాలో వేస్తుంటారు. గూడు తడవకుండా చూసుకోండి.

ఎండలు ఎక్కువగా ఉన్నాయి. గుడ్ల మీద నీళ్లు చల్లాలా?

గుడ్ల మీద వద్దు. గుడ్డు 21 రోజుల్లో సుమారు 12 శాతం బరువును తేమ రూపంలో పోగొట్టుకోవాలి. గాలి మరీ పొడిగా ఉంటే అంతకన్నా ఎక్కువ పోతుంది. గూటి చుట్టూ నేలను సాయంత్రం కొద్దిగా తడిపితే చాలు. గూడు నేల మీద ఉంటే ఆ తేమ అడుగునుంచి అందుతుంది.

## పిల్లలు బయటికి వచ్చే వేళ

పద్దెనిమిదో రోజు నుంచి ఏం చేయాలి?

ఏమీ చేయకూడదు. పిల్ల లోపల తల లావు కొన వైపు ఉండేలా సర్దుకుంటుంది. గుడ్లు తీసి చూడడం, దీపం పట్టడం మానేయండి. మేత, నీళ్లు గూటికి దగ్గరగా పెట్టండి. ఈ రోజుల్లో పెట్ట లేవడం చాలా తగ్గిపోతుంది. గూటి దగ్గర చెవి పెడితే పెంకు లోపలి నుంచే కిచకిచలు, వాటికి బదులుగా తల్లి గొంతులోంచి మెల్లగా "కుక్... కుక్..." వినిపిస్తాయి.

పెంకుకు చిల్లు పడి చాలాసేపైంది, పిల్ల బయటికి రావడం లేదు. పగలగొట్టి తీయనా?

తీయవద్దు. మొదటి చిల్లు పడ్డాక 12 నుంచి 24 గంటలు పట్టడం మామూలే. పైకి ఏమీ జరగనట్టు కనిపించే ఆ సమయంలో లోపల పెద్ద పని నడుస్తుంది: పొరలోని రక్తనాళాలు ఎండాలి, మిగిలిన పచ్చసొన బొడ్డు ద్వారా పొట్టలోకి పోవాలి. అది పూర్తయ్యాక పిల్ల గుండ్రంగా తిరుగుతూ, ముక్కు మీది చిన్న గట్టి మొనతో మూత తీసినట్టు పెంకును కోసుకుంటుంది.

నా మొదటి పొదుగులో ఒకే సాయంత్రం రెండు గుడ్లకు చిల్లులు పడ్డాయి. రాత్రి పది గంటల దాకా చూసి, ఆగలేక ఒకదాని పెంకును గోటితో ఒలిచాను. మూడో ముక్క దగ్గర తెల్లటి పొరలో ఎర్రటి దారం తెగి రక్తపు బొట్టు వచ్చింది. పిల్ల తెల్లవారేసరికి చచ్చిపోయింది. ముట్టుకోని రెండో గుడ్డు నుంచి మాత్రం తెల్లవారుజామున పిల్ల తనంతట తానే వచ్చి, తల్లి రెక్క కిందినుంచి తల బయటపెట్టి చూస్తోంది.

21 రోజులు దాటాయి, ఏమీ లేదు. ఎన్నాళ్లు ఆగాలి?

23వ రోజు పూర్తయ్యేదాకా ఆగండి. గుడ్లు ఎక్కువ రోజులు దాచి పెట్టినా, మధ్యలో చల్లబడినా ఒకటి రెండు రోజులు ఆలస్యమవుతుంది. అప్పటికీ చప్పుడు లేకపోతే తీసేయండి. లేదంటే పెట్ట వారాల తరబడి అలాగే కూర్చుని నీరసించిపోతుంది.

కొన్ని పిల్లలు వచ్చాయి, కొన్ని గుడ్లు మిగిలాయి. తల్లి లేచిపోతే?

తొలి పిల్ల వచ్చాక తల్లి ఒకటి రెండు రోజులు కూర్చునే ఉంటుంది. ఖాళీ పెంకులు తీసేయండి, ఒక పెంకు మరో గుడ్డుకు టోపీలా తొడుక్కుంటే లోపలి పిల్లకు దారి మూసుకుపోతుంది. తల్లి పిల్లలతో గూడు దిగితే మిగిలిన గుడ్లను చెవి దగ్గర పెట్టి వినండి. కిచకిచ వినిపిస్తే రాత్రికి మళ్లీ తల్లి కింద పెట్టి చూడవచ్చు.

పెట్ట పుట్టిన పిల్లలను పొడుస్తోంది. ఏం చేయాలి?

గూట్లో కదిలేది ఏమిటో తెలియక తొలిసారి తల్లి ఒకటి రెండుసార్లు ముక్కుతో తాకుతుంది, దానికి కంగారు పడవద్దు. రక్తం వచ్చేలా పొడిస్తే మాత్రం పిల్లలను వెంటనే తీసి దీపం వెచ్చదనంలో ఉంచండి. అన్నీ పుట్టాక రాత్రి చీకట్లో తిరిగి పెట్టి చూడండి, కొన్ని తల్లులు అప్పటికి దారికి వస్తాయి. రాకపోతే ఆ పిల్లలను మీరే పెంచాలి, ఆ పెట్టతో మళ్లీ పొదిగించవద్దు.

## తొలి వారాలు

పిల్లలు పుట్టి ఒక రోజైంది, ఏమీ తినలేదు. ఆకలితో ఉన్నాయా?

లేదు. పొట్టలోకి పోయిన పచ్చసొన రెండు రోజుల దాకా ఆదుకుంటుంది. ఆలస్యంగా పుట్టే తమ్ముళ్లూ చెల్లెళ్ల కోసం ఆగడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు అది. అయినా మేత, నీళ్లు గూటి పక్కన సిద్ధంగా ఉంచండి.

ఏ మేత పెట్టాలి? తల్లి మేతే తింటే చాలదా?

సన్నగా పొడి చేసిన చిక్ స్టార్టర్ (కోడిపిల్లల మేత) మేలు, అందులో 18 నుంచి 20 శాతం మాంసకృత్తులు ఉంటాయి. ఒట్టి నూకలతో కడుపు నిండుతుంది గానీ ఎదుగుదల ఉండదు. గుడ్లు పెట్టే కోళ్ల మేతలో కాల్షియం చాలా ఎక్కువ, అది పిల్లల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అందుకే ఈ రోజుల్లో తల్లికి కూడా పిల్లల మేతే పెట్టండి, దానికి నష్టం లేదు.

నీళ్ల గిన్నెలో పిల్ల మునిగి చచ్చిపోయింది. ఎలా జాగ్రత్తపడాలి?

వేలి కణుపు లోతు కూడా లేని పళ్లెం తీసుకుని అందులో గులకరాళ్లు నింపండి. రాళ్ల సందుల్లోంచి ముక్కుతో తాగగలవు, ఒళ్లు తడవదు. తడిసిన పిల్ల చలికి పోవడమే ఎక్కువ.

టీకాలు వేయించాలా? రెట్టలో రక్తం కనిపిస్తే?

వేయించాలి. కొక్కెర తెగులు ఒకసారి వస్తే కోళ్ల మంద మొత్తం ఖాళీ అవుతుంది. దానికి తొలి చుక్కల టీకా మొదటి వారంలోనే ఉంటుంది, మీ ప్రాంతంలో ఏవి, ఎప్పుడు వేయాలో పశువైద్యుణ్ణి అడగండి. రెక్కలు వేలాడేసి ముడుచుకుని, రక్తంతో రెట్ట వేస్తుంటే అది కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బు కావచ్చు. రోజులు చూడకుండా వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. తడి పరుపు ఆ జబ్బుకు పుట్టిల్లు, కాబట్టి గడ్డి, పొట్టు ఎప్పుడూ పొడిగా ఉండాలి.

కొన్న పిల్లలను కూడా ఈ తల్లికి అప్పగించవచ్చా?

దాని పిల్లలు పుట్టిన రెండు రోజుల్లోపే, అదే వయసువి అయితే వీలవుతుంది. రాత్రి చీకట్లో ఒక్కొక్కటిగా రెక్క కిందికి తోయండి, తెల్లవారుతూనే దగ్గరుండి చూడండి. వారం దాటిన పిల్లలను చాలా తల్లులు ఒప్పుకోవు.

పుంజులేవో పెట్టలేవో ఎప్పుడు తెలుస్తుంది?

చాలా జాతుల్లో ఆరు నుంచి ఎనిమిది వారాలకు. పుంజుపిల్ల తురాయి ముందే ఎర్రబడి పెరుగుతుంది, కాళ్లు లావుగా ఉంటాయి. రెక్కలు చూసి మొదటి రోజే చెప్పడం కొన్ని ప్రత్యేక సంకరాల్లోనే సాధ్యం.

తల్లి ఎన్నాళ్లు చూసుకుంటుంది?

సాధారణంగా ఐదు నుంచి ఎనిమిది వారాలు. పిల్లలకు ఈకలు నిండగానే అది మళ్లీ గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. నిన్నటిదాకా ముక్కుతో గింజ విరిచి పిల్లల ముందు వేసిన తల్లే ఒకరోజు అదే గింజ కోసం వచ్చిన పిల్లను తరిమికొడుతుంది. ఆ రాత్రి అది కొయ్య ఎక్కి పడుకుంటుంది. పిల్లలు కింద కాసేపు గోలచేసి, ఒక్కొక్కటిగా ఎగరడానికి ప్రయత్నిస్తాయి. వాటికి అందేలా ఒక కొయ్యను తక్కువ ఎత్తులో కట్టి ఉంచండి.